మా మేజర్ పంచాయతీని నగర పంచాయతీగా మార్చే తీర్మానం: గ్రామసభలో ఏమి అడగాలి?

తీరవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది బాపట్ల జిల్లాలో ఒక మేజర్ పంచాయతీ. ఊరి పొలిమేర సముద్రపు ఇసుకలోనే ముగుస్తుంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నేను అడగబోయేది తీరం వెంబడి పెరుగుతున్న ఏ ఊరికైనా రేపో మాపో ఎదురయ్యే సంగతే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడిన నాటి నుంచి మా వైపు భూముల ధరలు ఎక్కాయి. సూర్యలంక, వాడరేవు తీరాలకు సెలవు రోజుల్లో వచ్చే జనం పెరిగారు. మొన్నమొన్నటిదాకా వేరుశనగ పండిన ఇసుక చెక్కల్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. గత వారం గ్రామసభకు చాటింపు వేశారు. కార్యాలయం గోడకు అంటించిన ఎజెండాలో ఉన్నది ఒకే వాక్యం: గ్రామాన్ని నగర పంచాయతీగా మార్చవలసిందిగా ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేయుట.

ప్లాట్ల వ్యాపారంలో ఉన్నవారు దీన్ని గట్టిగా సమర్థిస్తున్నారు. కూలి పనులకు వెళ్లేవారు, పల్లెపాలెం (మత్స్యకారుల వాడ) వారు అనుమానంగా చూస్తున్నారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఇందులో లాభనష్టాల లెక్క స్పష్టంగా తేలడం లేదు. నా సొంత బాధ ఒకటే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో మోకాలి లోతున నిలిచిన నీరు నాలుగు రోజులు కదలలేదు. పంచాయతీని అడిగితే ఆ నీరు పోవలసిన కాలువ తమది కాదన్నారు, మరో ప్రభుత్వ కార్యాలయానికి వెళితే వీధి కాలువలు తమ పని కాదన్నారు. నగర పంచాయతీ అయితే ఈ కాలువకు ఒక యజమాని దొరుకుతాడా? పన్నులు ఎంత మారతాయి? సభలో లేచి నిలబడి నేను ఏ ప్రశ్నలు అడగాలి?

పాత గుమాస్తా

మాస్టారూ, పంచాయతీ శాఖలో చాలాకాలం పనిచేసి బయటికి వచ్చినవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా, మీ గ్రామసభ తీర్మానంతో ఊరు నగర పంచాయతీ అయిపోదు. రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం గ్రామం నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీని ఉద్దేశించింది. ఏ ప్రాంతం అలాంటిదో నిర్ణయించడానికి జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాధాన్యం చూడాలని చెప్పి, ఆ నిర్ణయాన్ని గవర్నరు పేరిట వెలువడే ప్రకటనకు వదిలింది. మన రాష్ట్రంలో ఇది 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామాన్ని తొలగించడం, 1965 నాటి పురపాలక చట్టం కింద కొత్త సంస్థను ఏర్పాటు చేయడం అనే రెండు అడుగుల్లో జరుగుతుంది. తీర్మానం ఒక అభిప్రాయం మాత్రమే. అయితే ఫైలు ఎక్కడికి వెళ్లినా ఆ తీర్మానం నకలు దాని వెంటే ఉంటుంది కాబట్టి, అందులో ఏ మాటలు రాయిస్తారన్నది చిన్న విషయం కాదు.

ఇక కాలువ. పెద్ద మురుగు కాలువలు, అంటే మీ ప్రాంతంలో నల్లమడ, రొంపేరు వంటి డ్రెయిన్లు, జలవనరుల శాఖలోని డ్రైనేజీ విభాగం కిందికి వస్తాయి. వీధి పక్కన సిమెంటు కాలువ పంచాయతీది. ఈ రెండింటి నడుమ పొలాల గుండా సాగే పంట బోదె (చిన్న కాలువ) ఒకటి ఉంటుంది. ఆ పొలాలు ప్లాట్లయ్యాక బోదె పూడిపోతుంది, నీరు నిలిచేది అక్కడే. ఊరి బోర్డు మార్చినంత మాత్రాన డ్రైనేజీ విభాగపు కాలువ నగర పంచాయతీకి రాదు. కాబట్టి సభలో అడగవలసింది యజమాని ఎవరని కాదు, మీ వీధి నీరు ఏ సర్వే నంబర్ల గుండా పెద్ద డ్రెయిన్‌లో కలుస్తుందో గ్రామ పటం మీద వేలు పెట్టి చూపమని అడగండి. చూపలేకపోతే ఆ బోదె ఇప్పటికే ఎవరి ప్లాటులోనో ఉందని అర్థం.

ఆదాయం విషయంలో పట్టణ హోదాకు అనుకూలమైన అంశం ఒకటి ఉంది. ఆస్తి అమ్మకం రిజిస్ట్రేషన్‌లో స్టాంపు సుంకంతో పాటు వసూలయ్యే 1.5 శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థలకు చెందుతుంది. గ్రామ పరిధిలో అది పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తుల మధ్య పంపకమవుతుంది, పట్టణమైతే ఈ పంపకం ఉండదు. ప్లాట్లు చేతులు మారుతున్న మీలాంటి ఊరికి ఇది తీసివేయదగిన మొత్తం కాదు. ప్లాట్ల వ్యాపారులు మీకు ఈ సంగతి చెప్పి ఉండరు, వారి ఆసక్తి వేరు.

నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించేది ఆస్తుల రిజిస్టరు. లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, ఖాళీ స్థలం స్థానిక సంస్థ పేర రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా అప్పగించాలి. పటంలో పార్కు అని పచ్చరంగు వేసి, దానపత్రం మాత్రం రాయకుండా వదిలేసిన లేఅవుట్లు నా ఉద్యోగ కాలంలో ఎన్నో చూశాను. పంచాయతీ రద్దయి రికార్డులు గోనెసంచుల్లో కొత్త కార్యాలయానికి చేరేటప్పుడు, కాగితం లేని స్థలం గురించి అడిగే నాథుడు ఉండడు. కొత్త కమిషనరుకు అది ఫలానా వారి ఖాళీ ప్లాటుగానే కనిపిస్తుంది. కాబట్టి మార్పు కోరే తీర్మానానికి ముందే, ఊళ్లోని ప్రతి లేఅవుటుకూ దానపత్రం నంబరు, తేదీ, విస్తీర్ణంతో జాబితా సభ ముందు పెట్టాలని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము కూడా లేదు, గడువు 30 రోజులు.

మరొక హెచ్చరిక. పంచాయతీ రద్దయిన రోజు నుంచి తొలి ఎన్నిక జరిగే దాకా ప్రత్యేకాధికారి పాలనే. చుట్టుపక్కల గ్రామాలను కలిపే విలీనంలో వివాదం తలెత్తితే అది ఏళ్ల తరబడి సాగవచ్చు. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరగకపోవడానికి విలీన గ్రామాల వ్యాజ్యాలే కారణం. వార్డు సభ్యుడి ఇంటికి వెళ్లి తలుపు తట్టే అవకాశం అన్నాళ్లూ ఉండదు.

గట్టు మీద ఇల్లు

మా ఊరు నగర పంచాయతీ అయి చాలా ఏళ్లయింది. జిల్లా వేరు కానీ తీరం ఒకటే. పాత గుమాస్తా గారు పన్నుల జోలికి పోలేదు కాబట్టి ఇంటి ఖర్చు చూసుకునే మనిషిగా ఆ భాగం నేను రాస్తాను.

2020 చట్ట సవరణతో పట్టణాల్లో ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కించే పద్ధతి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు నిర్ణయించవచ్చన్నారు. సొంతదారు నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలు చాలన్నారు. పాత పన్ను మీద పెంపు ఒక ఏడాదిలో 15 శాతానికి మించరాదని పరిమితి పెట్టారు. ఆ 15 శాతం వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ వెయ్యి రూపాయల పన్ను ప్రతి ఏడాదీ 15 శాతం చొప్పున పెరిగితే అయిదో ఏటికి రెండు వేలు దాటుతుంది. నోటీసు వెనుక పెన్సిలుతో లెక్క వేసి చూసుకున్న రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఇందులో గమనించవలసిన కీలకం ఏమిటంటే, మూలధన విలువకు ఆధారం ప్రభుత్వ మార్కెట్ విలువ. బీచ్ దారిలో ఎవరో హైదరాబాదు నుంచి వచ్చి కొన్న ధరలు ఎక్కేకొద్దీ ఆ విలువ సవరించబడుతుంది, ఏ ప్లాటూ అమ్మని మనం దాని ప్రకారం పన్ను కడతాం.

గ్రామకంఠంలో తాతల నాటి ఇల్లు ఉన్నవారికి మరొక చిక్కు ఉంది. మా అత్తగారి ఇల్లు పడగొట్టి కట్టుకుందామని దరఖాస్తు పెడితే, యాజమాన్య పత్రం చూపమని మూడుసార్లు తిప్పి పంపారు. ఇంటి పన్ను రసీదులు తప్ప మా దగ్గర ఏముంటాయి? గ్రామ నివాస స్థలాలకు కొలతలు వేసి ఆస్తి కార్డులిచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది, అది గ్రామాల కోసం ఉద్దేశించినది. మీ ఊళ్లో ఆ పని ఎంతవరకు వచ్చిందో సభలో అడగండి. ఊరు గ్రామంగా ఉన్నప్పుడే కార్డు చేతికి రావడం మంచిది.

అయితే అంతా నష్టమే అని చెప్పను. చెత్త బండి రోజూ వస్తుంది, వీధి దీపం ఆరిపోతే ఫిర్యాదు చేయడానికి ఒక మనిషి ఉన్నాడు. పంచాయతీ రోజుల్లో ఈ రెండూ సర్పంచి గారి మంచితనం మీద ఆధారపడి ఉండేవి.

హద్దు రాయి

సివిల్ ఇంజనీరుగా ఒక అపోహ గురించి మాత్రం రాస్తాను. పట్టణ హోదా వస్తే తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) ఆంక్షలు సడలి, సముద్రం ఒడ్డు దాకా కట్టుకోవచ్చని మీ ఊళ్లో ప్రచారం జరుగుతూ ఉండవచ్చు. అది నిజం కాదు.

2019 జనవరి 18 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం పోటు గీత (పోటు సమయంలో సముద్రపు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకు నియంత్రణ ఉంటుంది. ఇందులో తీరాన్ని తరగతులుగా విడదీశారు. పట్టణ తీరానికి వర్తించే రెండో తరగతి కిందికి రావాలంటే ఆ ప్రాంతం అప్పటికే పట్టణ పరిధిలో ఉండాలి, మొత్తం ప్లాట్లలో సగానికి పైగా కట్టడాలతో నిండి ఉండాలి, రోడ్లు, మురుగు, నీటి సౌకర్యాలు ఉండాలి. హద్దురాళ్లు తప్ప గోడలు లేవని మీరే చెబుతున్న లేఅవుట్లు ఈ లెక్కకు నిలవవు. గ్రామీణ తీరమైతే మూడో తరగతి. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించిన సాంద్రత ఉంటే కట్టడ నిషిద్ధ మేర 50 మీటర్లు, లేకుంటే 200 మీటర్లు. పాత 2011 ప్రకటనలో గ్రామీణ తీరమంతటికీ 200 మీటర్లే. సవరించిన తీర పటానికి ఆమోదం లభించే దాకా పాత పటమే చెల్లుతుంది కనుక, ప్లాటు కొనేవారు బ్రోచరులోని బొమ్మను కాక, ఏ ఏడాది పటం మీద గీత గీశారన్నది అడగాలి. ఉప్పుటేటి ఒడ్డున కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, పోటు నీరు ఎక్కే కాలువలకూ ఈ నియంత్రణ వర్తిస్తుంది.

పల్లెపాలెం

పెద్దలందరూ ప్లాట్లు, పన్నుల గురించి రాశారు. మా వాళ్ల భయం వేరు. గ్రామీణ ఉపాధి హామీ పనులు పట్టణంలో ఉండవు. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలు ఒడ్డునే ఉంటాయి, ఆ రెండు నెలలూ మా ఆడవాళ్లు పలుగూ పారా పట్టుకుని చెరువు పనికి పోతేనే ఇల్లు గడుస్తుంది. ఆ కూలి పోతే దానికి బదులు ఏమిటో ఎవరూ చెప్పరు.

రెండోది, చేపలు ఎండబెట్టే కల్లాలు. అవి రికార్డులో పోరంబోకు. రేపు అక్కడ కార్లు నిలిపే స్థలానికి వేలం పెడతామంటే మేము చూపే కాగితం లేదు. మాస్టారు సభలో మాట్లాడేటప్పుడు ఈ రెండు మాటలూ చెబితే మా పాలెం అంతా వెనక నిలబడుతుంది.

పాత గుమాస్తా

పల్లెపాలెం తమ్ముడు చెప్పినది సరైన మాట, నేను రాయవలసి ఉండి మరిచాను. కల్లాలు, పడవలు లాగే చోటు, వలలు బాగుచేసుకునే చోటు ఉమ్మడి వినియోగంలో ఉన్నట్లు విస్తీర్ణంతో సహా తీర్మానంలో రాయించండి. దాని వల్ల హక్కు రాదు. కానీ రేపు వేలం ప్రకటన వచ్చిన రోజున, ఆ స్థలం ఖాళీగా లేదని స్వయంగా పంచాయతీయే రాసిన కాగితం ఒకటి ఉంటుంది.

మంచినీటి సంగతి కూడా చూడండి. తీరంలో బోరు నీరు ఉప్పు కనుక మీ ప్రాంతంలో చాలా ఊళ్లు కొమ్మమూరు కాలువ నీటితో చెరువు నింపుకుని, కాలువ కట్టేసిన వేసవిలో దాన్నే తాగుతాయి. ఇంటింటికి కొళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ గ్రామాలకు, అమృత్ పట్టణాలకు. పైపులు వేసి ట్యాంకు కట్టని దశలో హోదా మారితే మిగిలిన పనికి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాతపూర్వకంగా అడగండి.

తీరవాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఉదయం పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఆస్తుల రిజిస్టరు చూపమని కోరాను. కార్యదర్శి కొత్తగా వచ్చిన అమ్మాయి, ఒకప్పుడు మా పాఠశాలలోనే చదువుకుందట. విసుక్కోకుండా బీరువా తీసి ఇచ్చింది. రిజిస్టరులో తొమ్మిది లేఅవుట్ల పేర్లు ఉన్నాయి. దానపత్రం నంబరు రాయవలసిన గడి నాలుగింటికే నిండి ఉంది. మిగిలిన అయిదింటిలో ఒకటి మా వీధి వెనకదే. దాని పటంలో పార్కు అని ఉన్న చోట ఇప్పుడు ముళ్లకంచె, లోపల రెండు గేదెలు ఉన్నాయి. పటాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, ఆ కంచెకు అవతలి అంచు వెంట సన్నని నీలి గీత ఒకటి కనిపించింది. ఆ అమ్మాయి వేలు పెట్టి అది బోదె అన్నది. తుపాను నాడు మా వీధి నీరు కదలకుండా నిలిచింది సరిగ్గా అక్కడే.

తీర్మానాన్ని వ్యతిరేకించను. అయిదు దానపత్రాలు రిజిస్టరయి, ఆ బోదె తవ్వి, కల్లాల విస్తీర్ణం రాసి, ఉపాధి పనుల ప్రశ్నకు రాతలో జవాబు వచ్చాకే తీర్మానం చర్చకు పెట్టాలని సవరణ ప్రతిపాదిస్తాను. పటం నకలుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. సభ గురువారం ఉదయం పదిన్నరకు, రామాలయం అరుగు దగ్గర.