చిన్న లైన్లకు రైలుబస్సు సరైన బండేనా?

పట్టాలబాట:
కాకినాడ–కోటిపల్లి లైన్ మీద ఒక్క పెట్టె రైలుబస్సు నడిచిన రోజుల నుంచీ ఒక మాట వింటున్నాను: "అది రైలూ కాదు, బస్సూ కాదు, దండగ." నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో ఇదే ఆలోచన మనకంటే ముందే చేశారు. 1970ల చివరికి అక్కడి చిన్న లైన్లలో తిరిగే డీజిల్ బండ్లు పాతబడిపోయాయి, కొత్తవి కొనడానికి చేతిలో డబ్బు లేదు. డెర్బీలోని బ్రిటిష్ రైల్ పరిశోధన విభాగం లేలాండ్ నేషనల్ బస్సు బాడీని తీసుకుని, వేగంగా వెళ్లే సరుకు వ్యాగన్ల మీద చేసిన పరిశోధనతో తయారైన నాలుగు చక్రాల ఫ్రేము మీద కూర్చోబెట్టింది. 1978 నాటి ఎల్‌ఈవీ1 అదే. మొదట దానికి ఇంజనే లేదు. వేరే లోకోతో లాగించి, పట్టాల మీద నడక చూసుకున్నాకే డీజిల్ ఇంజను బిగించారు. 1981లో వచ్చిన తర్వాతి నమూనా ఆర్3 అయితే బ్రిస్టల్–సెవర్న్ బీచ్ లైన్‌లో ప్రయాణికులతోనే తిరిగింది. తక్కువ ఖర్చుతో లైన్‌ని బతికించుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఉందా?

ఇరుసు:
ప్రయోగం బాగానే జరిగింది. తర్వాత చేసిన పనే తప్పు.

మామూలు పెట్టె కింద రెండు చివర్లా తిరిగే ఫ్రేములు ఉంటాయి, ఒక్కోదానికి నాలుగు చక్రాలు. వంపు రాగానే ఆ ఫ్రేము పట్టాతో పాటు తిరుగుతుంది. రైలుబస్సు కింద ఉన్నవి మొత్తం రెండే ఇరుసులు, బిగించినట్టుగా ఉంటాయి. ఆర్3 తర్వాత పెద్ద సంఖ్యలో కట్టిన 'పేసర్' అనే రైలుబస్సుల్లో క్లాస్ 142 రకం చూడండి: రెండు ఇరుసుల మధ్య దూరం 9 మీటర్లు. వంపులో చక్రం అంచు పట్టాను ఒరుసుకుంటూ పోతుంది. చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది, చక్రమూ అరుగుతుంది, పట్టా కూడా అరుగుతుంది. కార్న్‌వాల్‌లో మెలికలు తిరిగిన చిన్న లైన్లు చాలా ఉన్నాయి. సరిగ్గా అలాంటి చోటికే వీటిని పంపారు, చివరికి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇంకా పెద్ద విషయం బాడీ. 1999లో విన్స్‌ఫర్డ్ దగ్గర ఖాళీగా వస్తున్న ఒక 142ని వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ గుద్దింది. బస్సు బాడీ కింది ఫ్రేము మీద నుంచి ఊడి జరిగిపోయింది. ఎవరూ చనిపోలేదు. లోపల జనం ఉండుంటే? తలుచుకుంటేనే టెన్షన్ వస్తుంది.

20 ఏళ్లకని కట్టినవి 2021 వరకు తిప్పారు. నమూనాతో కలిపి 165 బండ్లు. "చవక" అని కొన్నది ఒక తరమంతా అంటిపెట్టుకుంది. ఆ ఏళ్లలోనే తిరిగే ఫ్రేములతో 'స్ప్రింటర్' అనే డీజిల్ బండ్లు కూడా తయారయ్యాయి కాబట్టి వేరే దారి లేదనడానికి వీల్లేదు.

గేటుదగ్గర:
ఇద్దరూ బండి గురించే మాట్లాడుతున్నారు. బండి చిన్నదైతే గేటు కాపలా తగ్గుతుందా? సిగ్నలు, పట్టాల తనిఖీ, స్టేషను తగ్గుతాయా? ఒక్క పెట్టె నడిపినా పది పెట్టెలు నడిపినా అవి అలాగే ఉంటాయి. జనం తక్కువున్న లైన్‌లో మిగిలేది డీజిల్ ఖర్చులో కొంత, అంతే.

రామచంద్రపురం వాసి:
నేను ఆ రైలుబస్సు ఎక్కినవాణ్ణి. చివరి స్టేషనుకి చేరాక ఇంజను తిప్పే పనే లేదు. రెండు వైపులా డ్రైవర్ గది ఉంటుంది కదా, డ్రైవర్ ఈ చివర దిగి సంచి పట్టుకుని ఆ చివరకు నడిచివెళ్లి ఎక్కేవారు. అది చూస్తే ముచ్చటేసేది. కానీ పక్క రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు, ఆటోలు వరసగా పోతుంటాయి. మా అమ్మలాంటి వాళ్లకి ఏది ముందొస్తే అదే. మామూలు రోజున సీట్లు ఖాళీ. శివరాత్రికి ద్రాక్షారామం, కోటిపల్లి వెళ్లే జనాన్ని చూస్తే ఒక్క పెట్టె ఏ మూలకి చాలుతుందండీ?

ఇరుసు:
ఆర్3కి ఐర్లండ్‌లో అయింది కూడా అదే. 1982లో ఉత్తర ఐర్లండ్ రైల్వే దాన్ని కొని, అక్కడి వెడల్పు గేజికి మార్చి కోల్‌రేన్–పోర్ట్‌రష్ మధ్య నడిపింది. పోర్ట్‌రష్ సముద్రతీరంలో సెలవులకి జనం వెళ్లే ఊరు. ఒక్క పెట్టె ఆ రద్దీకి చాలలేదు. ఇప్పుడది డౌన్‌పాట్రిక్ మ్యూజియం రైల్వేలో ఉంది.

పట్టాలబాట:
రద్దీ రోజు మాట నిజమే. దానికి రెండు పెట్టెలు కలిపి నడిపితే సరిపోతుంది, రైలుబస్సునే వద్దనడం ఎందుకు? గేటుదగ్గర గారూ, 1928లో వేసిన ఈ లైన్‌ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. మళ్లీ పట్టాలు పడి బండి తిరిగింది 2004లో. అన్నేళ్ల తర్వాత ఏదో ఒక బండి రోజూ తిరగడమే ఆ ఊళ్లకి పెద్ద విషయం.

ఇరుసు:
"ఏదో ఒక బండి" అన్నచోటే నాకు అభ్యంతరం అండీ. కోటిపల్లి ఎప్పటికీ చివరి స్టేషనుగా ఉండిపోయే ఊరు కాదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటి నరసాపురం వరకు లైన్ వెళ్లాలన్నదే మొత్తం ప్రాజెక్టు. అది కలిసిన రోజున కాకినాడ నుంచి అమలాపురం మీదుగా పోయే బండి కావాలి. ఇవాళ ఒక్క పెట్టెకి సరిపడా ప్లాట్‌ఫారం, దానికి తగ్గ టైంటేబుల్ పెట్టుకుంటే, రేపు అదే సాకు చూపించి పెద్ద బండి ఇవ్వరు. అడిగేదేదో రెండు పెట్టెల డెమూ (సొంత డీజిల్ ఇంజనుతో నడిచే లోకల్ రైలు) అడగండి, ఉదయం కాలేజీ పిల్లలు చేరే టైముకి ఒకటి, సాయంత్రం తిరిగొచ్చేందుకు ఒకటి.

రామచంద్రపురం వాసి:
ఉదయం ఎనిమిదిన్నరలోపు కాకినాడ చేరేటట్టు ఉంటే మా వీధిలో సగం మంది ఎక్కుతారు.