కాలేజీ ప్లేయర్లకి డబ్బులిస్తే యూనివర్సిటీ బడ్జెట్ మీద భారం ఎంత?

పద్దుపుస్తకం: అమెరికాలో 2021 జులై నుంచి కాలేజీ ప్లేయర్లు ప్రకటనలు చేసి సంపాదించుకోవచ్చు కదండీ. ఆ డబ్బు ఇచ్చేది కంపెనీలు. మరి యూనివర్సిటీలు లోటు అని ఎందుకు మొత్తుకుంటున్నాయి? మామూలు స్టూడెంట్ల ఫీజుల మీద పడుతుందా?

గ్యాలరీ_సీటు: ఇవి రెండు వేర్వేరు పద్దులండీ. కార్ల షోరూము ప్లేయర్‌కిచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు (అంటే ప్లేయర్ పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేది) యూనివర్సిటీ పుస్తకాల్లోకే రాదు. అయినా మొదటి దెబ్బ అక్కడే తగిలింది. స్టేడియానికి చెక్కులు రాసే దాతల దగ్గరికే ప్లేయర్ల కోసం చందాలు పోగుచేసే 'కలెక్టివ్'లూ వెళ్లాయి. దాత జేబు ఒకటే.

రెండోది 2025 జులై 1న మొదలైంది. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మీద ప్లేయర్లు వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ ప్రకారం యూనివర్సిటీయే నేరుగా ప్లేయర్లకి పంచొచ్చు. మొదటి ఏడాది పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్పుల ఖర్చు 25 లక్షల వరకు ఇందులోకే వస్తుంది. అది పూర్తిగా వాడితే పంచడానికి మిగిలేది 1.8 కోట్లు. చాలాచోట్ల (అమెరికన్) ఫుట్‌బాల్‌కి 75 శాతం అనుకుంటున్నారు, అంటే 1.35 కోట్లు. జట్టులో 105 మంది ఉంటే సగటున తలా సుమారు 1.29 లక్షలు. కానీ సమానంగా పంచరు, జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి పెద్ద వాటా వెళ్తుంది. పంచి తీరాలన్న రూలేమీ లేదు. పంచకపోతే మాత్రం ప్లేయర్ వేరే కాలేజీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు ఇచ్చేస్తాడు, అసలు ఒత్తిడి అది.

చిన్నకాలేజీ: పై జవాబులో ఒకటి తప్పిపోయింది. అదే సెటిల్‌మెంట్ ప్రకారం పాత ప్లేయర్లకి బకాయి కింద 10 ఏళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు కట్టాలి. అందులో పెద్ద భాగం కోసం ఎన్‌సీఏఏ ఏటా స్కూళ్లకి (అంటే కాలేజీలు, యూనివర్సిటీలకి) పంచే సొమ్ములో కోత పెడుతుంది. తమ ప్లేయర్లకి పైసా ఇవ్వని చిన్న స్కూళ్లూ నష్టపోతాయి. ఇది నిజంగా అన్యాయం. టీవీ ఆదాయం లేని ఆ స్కూళ్లలో ఆటల బడ్జెట్ చాలావరకు నడిచేదే స్టూడెంట్ ఫీజులతో, యూనివర్సిటీ సాధారణ నిధులతో. ట్యూషన్ బిల్లులో 'అథ్లెటిక్ ఫీ' లైను చూడండి. విడిగా కనిపించకపోతే యాక్టివిటీ ఫీజులో కలిపారేమో అడగండి. పెద్ద స్కూళ్లు మాత్రం టికెట్ల మీద వేస్తాయి. టెన్నెసీ యూనివర్సిటీ 2025 ఫుట్‌బాల్ టికెట్లకి 10 శాతం 'టాలెంట్ ఫీ' కలిపింది.

పద్దుపుస్తకం: మరి ఆ మిగతా భారం కలెక్టివ్‌ల మీదికే నెట్టేయొచ్చు కదండీ?

గ్యాలరీ_సీటు: అంత తేలిక కాదండీ. 600 డాలర్లు, ఆపైన ఉన్న ప్రతి బయటి ఒప్పందాన్నీ ప్లేయర్ 5 పనిదినాల్లో 'ఎన్‌ఐఎల్ గో' అనే ఒప్పందాలు పరిశీలించే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేయాలి. ఇచ్చేది కలెక్టివ్ లాంటి స్కూలు తాలూకు సంస్థైతే రెండు చూస్తారు: నిజమైన వ్యాపార అవసరం ఉందా, ధర మార్కెట్‌కి తగ్గట్టుందా. ఒక్క ఇన్‌స్టా పోస్టుకి లక్షలు రాస్తే ఆగిపోయేది అక్కడే. ఇంకో మాట, ఎఫ్-1 వీసా మీదున్న ప్లేయర్లు అమెరికాలో డబ్బు తీసుకుని యాడ్ షూటింగ్ చేస్తే అనుమతి లేని పనిగా లెక్కేసి స్టేటస్‌కే ముప్పు రావచ్చు. సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌కి కాగితం చూపించాలి.