హైదరాబాద్ సంస్థతో సర్వే: సబ్అవార్డా, సర్వీసు కొనుగోలా? మా ఆఫీసు మాట నాకు మింగుడుపడటం లేదు

తొలి గ్రాంటు:
నమస్కారం అండీ. అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) డబ్బుతో నాకు ఇదే మొదటి పెద్ద ప్రాజెక్టు. తెలంగాణ పల్లెల్లో బీపీ మందులు మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది విషయం. 40 ఊళ్లలో ఇంటింటి సర్వే చేయాలి. హైదరాబాద్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఈ పని చేస్తుంది, రెండేళ్లకు 1,80,000 డాలర్లు అనుకున్నాం. అప్లికేషన్‌లో ఇండియా పని అంతా ఫారిన్ కాంపోనెంట్‌గా (విదేశంలో జరిగే భాగంగా) చూపించాను, డబ్బు మాత్రం బడ్జెట్లో ఇతర ఖర్చుల కింద సర్వీసు అని రాశాను, అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అగ్రిమెంట్ రాసే సమయానికి మా గ్రాంట్స్ ఆఫీసు ఇది సబ్అవార్డు అంటోంది, అంటే గ్రాంటు పనిలో కొంత భాగాన్ని, దాని డబ్బుతో సహా, ఇంకో సంస్థకు అప్పగించడం.

అసలు టెన్షన్ ఎక్కడంటే, విదేశీ సబ్అవార్డులకు కొత్త పద్ధతి సిద్ధమయ్యేదాకా అవి ఉన్న గ్రాంట్లకు డబ్బు విడుదల చేయబోమని, కొత్తవైనా, రెన్యువల్స్ అయినా, ఏటేటా వచ్చే కొనసాగింపు అయినా అంతేనని, ఎన్‌ఐహెచ్ 2025 మే 1న ప్రకటించింది. నా రెండో ఏడాది డబ్బు 2025 సెప్టెంబర్‌లో రావాలి. సబ్అవార్డు అని రాస్తే ఆగిపోతుంది. కాంట్రాక్టు అని రాస్తే పని సాగుతుంది. వాళ్లు సర్వే చేసి డేటా ఇస్తారు, మేం డబ్బు ఇస్తాం, ఇది కొనుగోలు కాక మరేమిటి? మీ అభిప్రాయం చెప్పండి.

హ్యూస్టన్ పోస్ట్‌డాక్:
నేను మీ వైపే. మా ల్యాబ్ డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ పని ఏటా వేరే యూనివర్సిటీ కోర్ ఫెసిలిటీకి (అందరికీ ఫీజు తీసుకుని పని చేసిపెట్టే ల్యాబ్‌కి) పంపుతుంది, పర్చేజ్ ఆర్డర్ వేస్తారు, బిల్లు వస్తుంది, కడతారు. అదీ యూనివర్సిటీయే, అదీ రీసెర్చే, అయినా దాన్ని ఎవరూ సబ్అవార్డు అనలేదు. శాంపిల్స్ ఇచ్చి డేటా తెచ్చుకోవడానికీ, ఊళ్ల జాబితా ఇచ్చి డేటా తెచ్చుకోవడానికీ నాకైతే తేడా కనిపించడం లేదు. ఆఫీసులు భయంతో అన్నింటినీ సబ్అవార్డు అంటాయి.

ఆఫీసు వైపు నుంచి:
నేను పన్నెండేళ్లుగా సబ్అవార్డుల డెస్కులోనే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

సీక్వెన్సింగ్ ఉదాహరణ మంచిదే, ఎందుకంటే అది నిజంగానే కొనుగోలు. ఆ కోర్ ఫెసిలిటీకి రేటు కార్డు ఉంటుంది, అదే ధరకు అదే పని వందమందికి చేస్తుంది, నీ ప్రశ్న ఏమిటో, నీ పేపర్ ఏమిటో దానికి అక్కర్లేదు. రూల్ కూడా ఇదే చెబుతుంది. అమెరికా ఫెడరల్ గ్రాంట్ల రూల్స్‌లో 2 సీఎఫ్‌ఆర్ 200.331 చదువు. తన మామూలు వ్యాపారంలో భాగంగా, పోటీ ఉన్న చోట, చాలామందికి ఇచ్చే సరుకో సర్వీసో నీకూ ఇస్తే, అది ప్రాజెక్టుకు పక్కనుంచి సాయంగా ఉంటే, అతను కాంట్రాక్టరు. అలా కాకుండా ప్రాజెక్టులో ఏం చేయాలో నిర్ణయించే బాధ్యత తన దగ్గర ఉంటే, ప్రాజెక్టు ఉద్దేశం నెరవేరిందా లేదా అన్నదాన్నిబట్టి అతని పనిని కొలిస్తే, గ్రాంటు షరతులు అతనికీ వర్తిస్తే, అతను సబ్‌రెసిపియెంట్, అంటే సబ్అవార్డు తీసుకునేవాడు. అన్ని లక్షణాలూ ఒకేసారి కనబడకపోవచ్చనీ, మనమే ఆలోచించి తేల్చాలనీ అదే సెక్షన్‌లో ఉంది. దానితోపాటు ఇంకో ముక్క ఉంది, కాగితం మీద ఏ పేరు పెట్టామన్నదానికంటే సంబంధం అసలు ఎలాంటిదన్నదే ముఖ్యమని. నువ్వు అడుగుతున్న ప్రశ్న ఇప్పుడు ఆ ముక్క దగ్గరే ఆగింది.

ఆఫీసు స్వార్థం అనుకోకు. లెక్క వేసి చూడు. మీ ఇన్‌డైరెక్ట్ రేటు (నిర్వహణ ఖర్చుల కింద యూనివర్సిటీ తీసుకునే వాటా) 50 శాతం అనుకుందాం. సర్వీసు కాంట్రాక్టు అయితే 1,80,000 మొత్తం మీద 90,000 డాలర్లు యూనివర్సిటీకి వస్తాయి. సబ్అవార్డు అయితే మొదటి 50,000 మీదే, అంటే 25,000. మీ రేటు ఒప్పందం ఫెడరల్ రూల్స్‌లో 2024 అక్టోబర్‌లో వచ్చిన మార్పుల కంటే ముందుదైతే ఇంకా మొదటి 25,000 మీదే లెక్క కట్టవచ్చు, అప్పుడు ఇంకా తక్కువ. పైగా సబ్అవార్డు అయితే రిస్కు చూడాలి, బిల్లులు చూడాలి, రెండేళ్లూ కనిపెట్టుకుని ఉండాలి. ఇంత పని నెత్తిన వేసుకుని 65,000 డాలర్లు వదులుకునే మాట మీ ఆఫీసు చెబుతోందంటే, వాళ్లకు ఏదో కనిపించింది.

కొనుగోళ్ల విభాగం:
నేను ఇంకో యూనివర్సిటీలో పర్చేజింగ్ చూస్తాను. ఒక్కటే అడుగుతాను. కాంట్రాక్టు అంటున్నారు కదా, ఎంతమంది దగ్గర కొటేషన్లు తీసుకున్నారు? 1,80,000 డాలర్ల సర్వీసు కొనాలంటే ఒక్కరినే అడిగి ఇచ్చేయడం కుదరదు, చిన్న కొనుగోళ్ల పరిమితి దాటితే మామూలుగా ఒకరికంటే ఎక్కువమందిని ధర అడగాలి. హైదరాబాద్‌లో సర్వే కంపెనీలు బోలెడు ఉన్నాయి. ఒక్కరికే ఇస్తే సోల్ సోర్స్ కారణం రాతపూర్వకంగా కావాలి. అది మీరు రాయగలరా?

తొలి గ్రాంటు:
రాయగలను. ఆ ఊళ్లలో ఆశా వర్కర్లతో, సబ్‌సెంటర్లతో వీళ్లకు పదేళ్ల పరిచయం ఉంది. సర్వే పద్ధతి మేం కలిసి తయారు చేశాం. ఇంకో కంపెనీ వెళ్తే జనం తలుపు కూడా తీయరు. వీళ్లు తప్ప ఈ పని ఎవరూ చేయలేరు, అదే కారణం.

కొనుగోళ్ల విభాగం:
మీరిప్పుడు రాసింది సోల్ సోర్స్ కారణంగా నా దగ్గరకు వస్తే వెంటనే సబ్అవార్డుల డెస్కుకు పంపిస్తాను. మార్కెట్లో దొరికే సర్వీసు అయితేనే కదా కొనుగోలు. ఇంకెవరూ చేయలేరు, పద్ధతి కలిసి తయారు చేశాం అన్నాక వాళ్లు మీ భాగస్వాములు, నా వెండరు కాదు.

ఫీల్డు లెక్కలు:
ఇక్కడ కొంచెం తొందరపడుతున్నారు అందరూ. నేను అమెరికాలోనే ప్రభుత్వ ఆరోగ్య సర్వేల మీద పనిచేస్తాను. పేరున్న సర్వే కంపెనీలు కూడా ప్రశ్నలు సరిదిద్దుతాయి, శాంపిల్ గురించి సలహా ఇస్తాయి, కొన్నిసార్లు విశ్లేషణ కూడా చేస్తాయి, అయినా వాళ్లు కాంట్రాక్టర్లే. నైపుణ్యం ఉన్నంత మాత్రాన సబ్‌రెసిపియెంట్ అయిపోరు. కన్సల్టెంటు కూడా బుర్ర అమ్ముకునేవాడే కదా. సోల్ సోర్స్ కొనుగోలు అనేది రూల్లో ఉందంటేనే, ఒక్కరే చేయగల పని కూడా కొనుగోలు కావచ్చని అర్థం. ఎవరికి నైపుణ్యం ఉంది అని కాదు, చివరి మాట ఎవరిది అని అడగండి. సలహా వాళ్లు ఇచ్చి నిర్ణయం మీరు తీసుకుంటే కాంట్రాక్టు అనొచ్చు. వాళ్లే నిర్ణయిస్తూ, తప్పితే సమాధానం కూడా వాళ్లే చెప్పుకోవాల్సి ఉంటే అది వేరు.

ఆఫీసు వైపు నుంచి:
ఈ మాట ఒప్పుకుంటాను, నేను దీన్ని ఇంకా ముందే చెప్పాల్సింది. మా డెస్కులో కూడా "పేపర్లో పేరు ఉంటుందా" అని అడిగి అంతటితో ఆపేసేవాళ్లు ఉన్నారు, అది ఒక గుర్తు మాత్రమే. లాభం తీసుకునే కంపెనీ అయితే కాంట్రాక్టరు, స్వచ్ఛంద సంస్థ అయితే సబ్‌రెసిపియెంట్ అనుకోవడం కూడా తప్పే. కంపెనీ సబ్‌రెసిపియెంట్ కావచ్చు, అప్పుడు లాభం కలుపుకోకూడదు. స్వచ్ఛంద సంస్థ కాంట్రాక్టరు కావచ్చు. ఒకే సంస్థ ఒక పనికి ఇదీ, ఇంకో పనికి అదీ కూడా కావచ్చు.

నల్లగొండ సర్వే:
నేను ఇటువైపు మనిషిని. మీ హైదరాబాద్ సంస్థ కాదు గానీ అలాంటి సంస్థలోనే సూపర్‌వైజర్‌గా చేశాను కాబట్టి రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది డబ్బు వచ్చే దారి. విదేశం నుంచి గ్రాంటుగా వస్తే మా సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు పంచి ఇవ్వకూడదు. అదే తన మామూలు వ్యాపారంలో చేసిన సర్వీసుకు ఫీజుగా వస్తే చట్టం దాన్ని విదేశీ విరాళం కింద లెక్కపెట్టదు. అందుకని ఎఫ్‌సీఆర్‌ఏ లేని సంస్థలు "మమ్మల్ని వెండర్ అని రాయండి సార్" అని బతిమాలుతాయి, మేమూ బతిమాలాం. అక్కడి ప్రొఫెసర్ సరే అన్నారు. అగ్రిమెంట్ లోపల మాత్రం ప్రోగ్రాం ఉద్దేశాలు, ఆడిట్ హక్కులు, వాడని డబ్బు వెనక్కి ఇవ్వడం, అన్నీ గ్రాంటు భాషే. మేం పంపిందేమో సర్వీసు ఇన్వాయిస్. మా సీఏ రెండూ పక్కపక్కన పెట్టి చూసి సంతకం పెట్టనన్నాడు. ఏడు నెలలు జీతాలు లేకుండా సర్వేయర్లను కూర్చోబెట్టాం, అందులో ఆరుగురు ఆడపిల్లలు ఇంటి అద్దె కట్టలేక ఊళ్లకు వెళ్లిపోయారు. పేరు మార్చి రాస్తే ఎవరికి నష్టం అని మీకు అనిపించవచ్చు, అందుకని చెబుతున్నాను.

రెండోది పని సంగతి. బీపీ సర్వేలో "మందులు మానేశారా" అని అడిగితే మా వైపు ముసలివాళ్లు సిగ్గుపడి లేదనే చెప్తారు, డాక్టరమ్మకు తెలుస్తుందని భయం. "పోయిన వారంలో ఎన్ని రోజులు గోళీ వేసుకోవడం కుదరలేదు" అని అడిగితే చెప్తారు, పత్తి ఏరడానికి పొద్దున్నే పోయాను, పరగడుపున వేసుకోవద్దన్నారు, అందుకే వేసుకోలేదు అని కారణం కూడా చెప్తారు. ఆ ప్రశ్న మార్చింది మా సర్వేయరు. అది మీ ప్రాజెక్టులో అసలు ప్రశ్నకు జవాబు తెచ్చే మార్పు. దాన్ని పక్క సాయం అంటారా? పేపర్లో మాత్రం ఎక్కడా మా మాట లేదు, డేటా సేకరణ ఫలానా ఏజెన్సీ అని ఒక్క లైను.

హ్యూస్టన్ పోస్ట్‌డాక్:
చదివాక మనసు బాగోలేదండీ. నా సీక్వెన్సింగ్ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను, సీక్వెన్సర్ మా శాంపిల్స్‌ను ప్రశ్న అడగదు. ఒక సందేహం మాత్రం ఉంది. సబ్అవార్డు అని నిజాయితీగా రాస్తే డబ్బు ఆగి ఆ సంస్థకే నష్టం అవుతుంటే, అది కూడా అన్యాయమే కదా?

ఆఫీసు వైపు నుంచి:
అన్యాయమే. మే 1 ప్రకటన తర్వాత మా దగ్గర కూడా విదేశీ భాగస్వాములకు ఫోన్లు చేసి ఆగమని చెప్పాల్సి వచ్చింది, ఆ ఫోన్లు చేసింది నేనే. అయితే ఆ నిర్ణయం మీద కోపాన్ని అగ్రిమెంట్ పేరు మీద తీర్చుకోలేం. విదేశాల్లో పరిశోధనలో ముఖ్యమైన భాగం జరిగితే, అక్కడ గ్రాంటు డబ్బు ఖర్చయినా కాకపోయినా అది ఫారిన్ కాంపోనెంటే, తమ్ముడు ఆ సంగతి అప్లికేషన్‌లోనే చెప్పాడు కాబట్టి ఎన్‌ఐహెచ్‌కు అక్కడ సర్వే ఉందని తెలుసు. ఇప్పుడు అదే పనికి కాంట్రాక్టు అని కాగితం పెడితే, ప్రకటన వచ్చిన నెలలోనే ఎందుకు అలా రాశారని అడుగుతారు. ఆడిట్‌లో ఖర్చు చెల్లదంటే 1,80,000తోపాటు దానిమీద తీసుకున్న ఇన్‌డైరెక్ట్ కూడా యూనివర్సిటీ తిరిగి కట్టాలి. అప్పుడు ఇండియాలో ఎవరితోనూ పని వద్దంటారు, ఈయన ఒక్కడి ప్రాజెక్టుతో ఆగదు.

తొలి గ్రాంటు:
రెండు రోజులు ఆలోచించాను. "చివరి మాట ఎవరిది" అన్న ప్రశ్న పట్టుకుని సంస్థ డైరెక్టరుతో ఏడాదిగా నడిచిన ఈమెయిల్స్ అన్నీ మళ్లీ చదివాను. నేను ఇచ్చిన 40 ఊళ్లలో ఆరింటిని ఆమె మార్చారు, వలస వెళ్లే కాలంలో సగం ఇళ్లకు తాళాలుంటాయని. నన్ను అడగలేదు, మార్చి చెప్పారు, నేను థాంక్స్ అని జవాబిచ్చాను. మధ్యలో మానేసినవాళ్లను మళ్లీ కలవాలా వద్దా అన్నది ఆమె చేతిలోనే పెట్టాను. ప్రోటోకాల్‌లో ఒక సెక్షన్ మొత్తం ఆమె రాసింది. దీన్ని సర్వీసు అని వాదించినందుకు ఆమెకు సారీ చెప్పాలని ఉంది, చెప్పాను కూడా.

కాబట్టి సర్వే సబ్అవార్డే. ట్యాబ్లెట్ ఫోన్లు, ఫారాల ముద్రణ, నలుగురికి కొటేషన్లు అడిగి కొనగలిగినవన్నీ విడిగా కొనుగోలు కింద పెడుతున్నాం. వాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, అగ్రిమెంట్ డ్రాఫ్టు ముందుగా వాళ్ల సీఏకు పంపించమని మా ఆఫీసును అడిగాను. సెప్టెంబర్ డబ్బు సంగతి మా ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు దాచకుండా ఈ వారంలోనే రాయబోతున్నాను. ఏ జవాబు వచ్చినా ఇక్కడ పెడతాను.

నల్లగొండ సర్వే:
సంతోషం సార్. పేపర్ రాసేటప్పుడు ఆమె పేరు మరవకండి, ప్రశ్నలు మార్చిన పిల్లల పేర్లు కూడా.

ఆఫీసు వైపు నుంచి:
ప్రోగ్రామ్ ఆఫీసర్ ఒక్కరికే రాయకు తమ్ముడూ, ఆయన చూసేది సైన్సు. డబ్బుకు సంబంధించిన ఆమోదం గ్రాంట్స్ మేనేజ్‌మెంట్ వాళ్ల నుంచి రావాలి. ఇద్దరికీ ఒకే ఈమెయిల్, అదీ నీ పేరుతో కాకుండా మీ ఆఫీసు ద్వారా వెళ్లాలి. ఆరు ఊళ్ల సంగతి, ప్రోటోకాల్ సెక్షన్ సంగతి అందులో ఉన్నదున్నట్టు రాయి.