టైమింగ్ బెల్ట్‌తో పాటు వాటర్ పంప్ కూడా మార్చాలా?

ప్రశ్న: బండి 92,000 కి.మీ. తిరిగింది, మాన్యువల్‌లో లక్షకి టైమింగ్ బెల్ట్ (పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కీ, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌కీ లంకె వేసే పళ్ల బెల్ట్) మార్చమని ఉంది. మెకానిక్ బెల్ట్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీలు, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ కూడా మార్చాలంటున్నాడు. ఇంజన్ స్మూత్‌గానే ఉందండి, బిల్లు పెంచుతున్నాడా?

జవాబు 1: బెల్ట్ ముందే చెప్పి తెగదు బాస్. ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్ (పిస్టన్, వాల్వు ఒకే చోటికి వేర్వేరు సమయాల్లో వచ్చే రకం) అయితే తెగిన క్షణంలో పిస్టన్లు వాల్వులను గుద్ది వంచేస్తాయి, ఇక ఇంజన్ పైభాగం, అంటే హెడ్ విప్పాల్సిందే. పంప్ ఆ బెల్ట్‌తోనే తిరుగుతుంటే ఇప్పుడే మార్చేయండి, ఎందుకంటే ఖర్చులో పెద్ద భాగం విప్పి బిగించే కూలీయే, రేపు పంప్ కారితే అదంతా మళ్లీ మొదటినుంచి.

జవాబు 2: నేను తెలివిగా బెల్ట్ ఒక్కటే మార్పించా. ఏడాది తిరక్కుండా పాత టెన్షనర్ బేరింగ్ పోయి కొత్త బెల్ట్‌ని కూడా తినేసింది. ఆయిల్ కారకుండా ఆపే క్యామ్, క్రాంక్ సీల్స్ కూడా చూడమనండి, ఆయిల్ పడితే బెల్ట్ రబ్బరు పాడవుతుంది. బిగించాక స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి పుల్లీల మీది టైమింగ్ మార్కులు కలిశాయో లేదో చూడాలి.

ప్రశ్న అడిగినవారు: కనుక్కున్నా, మా దాంట్లో పంప్ బయటి బెల్ట్‌తో తిరుగుతుందట. పంప్ తప్ప మిగతావన్నీ మార్పిస్తున్నా.