"ఐ యామ్ బికమ్ డెత్"లో ఆ 'యామ్' సంగతేమిటి?

కరకట్ట:
అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ వాక్యం మీద ఒక సందేహం. ఓ పత్రికకి పంపిన వ్యాసంలో "నౌ ఐ యామ్ బికమ్ డెత్, ది డిస్ట్రాయర్ ఆఫ్ వరల్డ్స్" అని రాశాను. ప్రూఫులు దిద్దినాయన 'యామ్' కొట్టేసి 'హావ్' పెట్టారు. "బికమ్ ముందు యామ్ ఎలా వస్తుందండీ, పదో క్లాసు పిల్లాడు రాసినా మార్కు కోసేస్తారు" అని సలహా కూడా ఇచ్చారు. 1965 టీవీ డాక్యుమెంటరీలో ఆయన 'యామ్' అనే అన్నాడు, అందులో నాకు అనుమానం లేదు. నా బాధ వేరు. ఇదే 'ఐ యామ్ బికమ్' ఇంకెక్కడో, ఈ బాంబులతో సంబంధం లేని చోట చదివాను. నాలుక చివరే ఉంది, రావడం లేదు. ఎవరికైనా తడితే చెప్పండి. అసలు ఓపెన్‌హైమర్‌కి ఈ 'యామ్' ఎక్కణ్ణుంచి పట్టుబడింది?

పాత అచ్చు:
ఇంగ్లీషు కవి టెన్నిసన్. యులిసీస్ అనే పద్యం. "ఐ యామ్ బికమ్ ఎ నేమ్". అచ్చయింది 1842లో. దీనికి నాలుక చివర దాకా వెళ్ళాలా?

రిటైర్డ్ మాస్టారు:
పాత అచ్చు గారు ఎప్పుడూ పంతొమ్మిదో శతాబ్దం దగ్గరే ఆగిపోతారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్, అదే కింగ్ జేమ్స్ బైబిల్, తియ్యండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదమూడో అధ్యాయం, మొదటి వచనం: "ఐ యామ్ బికమ్ యాజ్ సౌండింగ్ బ్రాస్". టెన్నిసన్ చర్చి ఫాదరీ కొడుకు. ఆ 'యామ్ బికమ్' ఆయనకి ఉగ్గుపాలతో వచ్చింది. ఇక ప్రూఫు దిద్దినాయనకి చెప్పాల్సింది ఒక్కటే. రావడం, పోవడం, పడడం, లేవడం, అవడం లాంటి క్రియలకి పాత ఇంగ్లీషులో 'హావ్' కాదు, 'బీ'యే తోడు. జర్మన్, ఫ్రెంచి వాళ్ళకి ఇవాళ్టికీ అంతే. ఈస్టర్ నాడు "హీ ఈజ్ రిజన్" అంటున్నారా లేదా? ఐజాక్ వాట్స్ 1719లో "ది లార్డ్ ఈజ్ కమ్" అని రాస్తే క్రిస్మస్‌కి మన ఊళ్ళ చర్చిల్లో కూడా పాడుతున్నారా లేదా? వాళ్ళందరికీ మార్కులు కోస్తారటనా?

ఛందోబద్ధం:
టెన్నిసన్ విషయంలో అంత వ్యాకరణం అక్కర్లేదు. పాదం నడక కోసం 'యామ్' వేశాడు. కవికి లయ ముఖ్యం.

పాత అచ్చు:
"ఐ యామ్ బికమ్ ఎ నేమ్" తీసి "ఐ హావ్ బికమ్ ఎ నేమ్" అని చదవండి. ఎన్ని అక్షరాలు పెరిగాయి? ఒక్కటీ లేదు. ఊనిక కూడా అదే చోట పడుతుంది. లయకి రెండూ ఒకటే అయినప్పుడు ఆయన 'యామ్' ఎందుకు ఎంచుకున్నాడో చెప్పండి.

పైగా అదే పద్యంలో ఆ వెంటనే "మచ్ హావ్ ఐ సీన్ అండ్ నోన్" అన్నాడు. చూడడానికి, తెలుసుకోవడానికి కర్మ ఉంటుంది కాబట్టి 'హావ్'. అవడానికి కర్మ లేదు కాబట్టి 'యామ్'. రెండు పాదాల తేడాలో రెండు నియమాలూ పక్కపక్కన పెట్టాడు. ముసలి యులిసీస్ ఒక మనిషిగా కాక వట్టి పేరుగా మిగిలిపోయాడని చెప్పడానికి ఆ 'యామ్' కావాలి. 'హావ్' పెడితే ఫలానా రోజున పేరు తెచ్చుకున్నాడన్నట్టు ఉంటుంది. ఆ పద్యం మొత్తానికి ప్రాణం అక్కడుంది, జనం మాత్రం చివరి పాదం ఒక్కటే పట్టుకుని గోడల మీద రాస్తుంటారు.

ఛందోబద్ధం:
'యామ్'కీ 'హావ్'కీ చెవికి తేడా లేదంటారా? 'హావ్'లో హకారం ఉంది. గుక్క తెగుతుంది. మీరు అక్షరాలు లెక్కపెడుతున్నారు, నేను వింటున్నాను.

ఓరుగల్లు పిల్ల:
మీరంతా పైన పైన తిరుగుతున్నారు గానీ, ఈ 'యామ్' మన దగ్గర బతికే ఉంది కదా. మా ఆఫీసుకి వచ్చే బయోడేటాలు చూడండి. "ఐ యామ్ పాస్డ్ అవుట్ ఇన్ 2014". "ఐ యామ్ జాయిన్డ్ యాజ్ ట్రైనీ". "వియ్ ఆర్ షిఫ్టెడ్ టు హైదరాబాద్". "హిజ్ ఫాదర్ ఈజ్ ఎక్స్‌పైర్డ్". అన్నీ చేరడం, మారడం, పోవడం బాపతు క్రియలే. మాస్టారు చెప్పిన లిస్టు అచ్చంగా ఇదే. ఇంగ్లీషు వాళ్ళు పారేసుకున్నది మనం దాచి పెట్టామని నా థియరీ.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మాయ్, థియరీ ముచ్చటగా ఉంది. కానీ అదే బయోడేటాలో "ఐ యామ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" అని కూడా ఉంటుంది, చూశావా? కంప్లీట్ చెయ్యడానికి కర్మ ఉంది, డిగ్రీ. పాత నియమం ప్రకారం అక్కడ 'హావ్' రావాలి. మనవాళ్ళు క్రియ చూసి 'యామ్' పెట్టడం లేదు. 'ఐ' అనగానే 'యామ్' అనడం అలవాటు, అంతే. "ఐ యామ్ అగ్రీ" అనే వాడికి టెన్నిసన్‌తో చుట్టరికం కలపకు.

ఓరుగల్లు పిల్ల:
'ఐ' అలవాటే అయితే "ఫాదర్ ఈజ్ ఎక్స్‌పైర్డ్" ఎలా వచ్చింది సార్? అక్కడ 'ఐ' లేదు కదా.

రిటైర్డ్ మాస్టారు:
అది మందు సీసా మీద ఎక్స్‌పైర్డ్ లాంటిది. విశేషణం. "హీ ఈజ్ రిటైర్డ్" అన్నట్టు.

ఓరుగల్లు పిల్ల:
"హీ ఈజ్ ఎక్స్‌పైర్డ్ ఎస్టర్‌డే" అంటారు సార్. నిన్న అని పక్కన పెట్టాక విశేషణం ఎట్లయితది?

టొరంటో చలి:
కెనడా నుంచి ఒక ముక్క. ఇక్కడి పిల్లలు "ఐ యామ్ డన్ మై హోంవర్క్" అంటారు. మధ్యలో 'విత్' లేదు. మా వాడు మొదటిసారి అన్నప్పుడు దిద్దబోయాను, "అందరూ అంతే అంటారు నాన్నా" అన్నాడు. నిజమే, వాళ్ళ టీచర్లూ అంతే. అమెరికాలో ఫిలడెల్ఫియా వైపు, వెర్మాంట్‌లో కూడా ఈ వాడుక ఉంది. మిగతా అమెరికా వాళ్ళకి వింతగా వినిపిస్తుంది. హోంవర్క్ అనే కర్మ పక్కనే ఉంది, అయినా 'యామ్'. మాస్టారి నియమం ఇక్కడ ఏమవుతుంది?

పాత అచ్చు:
అది 'డన్', 'ఫినిష్డ్' అనే ఒకటి రెండు మాటలకే పరిమితం. "ఐ యామ్ ఈటెన్ మై లంచ్" అనరు కదా మీ వాడు. వేరే జాతి మొక్క అది, ఈ తోటలోకి తేకండి. పాత 'బీ' నిజంగా మిగిలిన చోటు "హీ ఈజ్ గాన్". ఆస్పత్రిలో డాక్టర్ బయటికి వచ్చి ఆ మాట అంటే ఇంట్లోవాళ్ళు ఏడుస్తారు. "హీ హాజ్ గాన్" అంటే ఎక్కడికి అని అడుగుతారు. ఒక్క 'ఈజ్'కి అంత బలం.

కరకట్ట:
టెన్నిసన్ చెప్పినందుకు థాంక్స్, అదే నేను వెతుకుతున్నది. కానీ ప్రూఫు వెనక్కి పంపాలి. 'యామ్' ఉంచమని రాయనా?

ఛందోబద్ధం:
పోనీ ఇది చెప్పండి. అంత మంచి 'యామ్' అయితే 'హావ్' ఎందుకు గెలిచింది?

రిటైర్డ్ మాస్టారు:
పని ఎక్కువై. "ఈజ్ బిల్ట్" అని కర్మణి ప్రయోగానికి అదే, "ఈజ్ బిల్డింగ్" అని జరుగుతున్న పనికి అదే, "ఈజ్ కమ్" అని అయిపోయిన పనికీ అదే. పైగా "హీజ్ కమ్" అని కుదించి పలికితే ఆ చివరి 'జ్' ఈజ్‌దా, హాజ్‌దా? చెవికి తెలియదు. కారణాల్లో ఇదొకటి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో మెల్లగా 'హావ్' ఆక్రమించేసింది. అంటే టెన్నిసన్ నాటికే 'యామ్ బికమ్' కొంచెం పాతవాసన వేస్తుండేది. 1965లో ఓపెన్‌హైమర్ అంటే ఇక చెప్పేదేముంది, కావాలని వేసుకున్న పట్టుపంచె.

తెలుగులో చూడండి ఎంత సుఖమో. మత్తయి 28వ అధ్యాయంలో "హీ ఈజ్ రిజన్" ఉన్నచోట మన బైబిల్లో "లేచియున్నాడు". ఇందాకటి కంచు వచనంలో "గణగణలాడు తాళమునై యుందును". తెలుగు 'ఐ' (అంటే 'అయి'), ఆ పక్కన 'ఉండు'. బికమ్, బీ రెండూ వరుసలో నిలబడ్డాయి.

ఓరుగల్లు పిల్ల:
అది ఇంగ్లీషు చూసి చేసిన తెలుగు కాదంటారా సార్? "యున్నాడు", "యుందును" అని చర్చి బయట ఎవరు మాట్లాడతారు?

రిటైర్డ్ మాస్టారు:
కూర్చుని ఉన్నాడు, మేలుకుని ఉన్నాడు, తలుపు తెరిచి ఉంది. ఇవి ఏ ఫాదరీ నేర్పాడమ్మా నీకు? యకారం పాతది, కట్టుబడి మనదే.

మహాలక్ష్మి వీధి:
ఆలస్యంగా వచ్చాను. అందరూ బైబిల్, టెన్నిసన్ అంటున్నారు, ఓపెన్‌హైమర్ వాక్యానికి మూలమైన గీతా శ్లోకం ఒక్కరూ విప్పి చూడలేదు. "కాలోఽస్మి లోకక్షయకృత్ ప్రవృద్ధః". 'అస్మి' ఉందా? అదే 'యామ్'. 'ప్రవృద్ధః' ఉందా? క్త ప్రత్యయం, భూతకృదంతం, అంటే ఇంగ్లీషు 'గాన్', 'బికమ్' లాంటి రూపం. అర్థం బాగా పెరిగినవాడు. గతోఽస్మి అంటే అక్షరాలా 'యామ్ గాన్'. కాబట్టి 'యామ్ బికమ్' అనేది అస్మి, ప్రవృద్ధః రెండూ కలిపి చేసిన అనువాదం. ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ దగ్గర 1933లో సంస్కృతం చదువుకున్నాడు. మూలం చూసి చెప్పాడు. బైబిల్ దాకా పోనక్కర్లేదు.

పాత అచ్చు:
ఆ రైడర్ గారే 1929లో గీత అనువాదం వేశారు. అందులో ఈ చోట "డెత్ యామ్ ఐ" అని ఉంది. బికమ్ లేదు. గురువు దగ్గర లేని బికమ్ శిష్యుడికి గీత నుంచే వచ్చిందంటే ఎలా? ఇంకో చిక్కు. 1948లో టైమ్ పత్రిక ఇదే వాక్యం వేసినప్పుడు 'డిస్ట్రాయర్' కాదు, 'షాటరర్'. చెప్పిన ప్రతిసారీ తోక మారింది, 'యామ్ బికమ్' మాత్రం కదల్లేదు. అంటే ఆయన చెవిలో ముందు కుదురుకున్నది ఆ రెండు మాటలే. ఆ చెవి కింగ్ జేమ్స్ బైబిల్‌కి, టెన్నిసన్‌కి అలవాటు పడ్డ చెవి.

మహాలక్ష్మి వీధి:
రైడర్ 'డెత్' అన్నదే నాకు గిట్టదు. కాలః అంటే కాలం. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1885లోనే 'టైమ్' అని సరిగ్గా వేశాడు. వ్యాసుడికి మృత్యువు కావాలంటే ఆ మాట రాదా? ముందు అధ్యాయంలోనే "మృత్యుః సర్వహరశ్చాహమ్" అన్నాడు. అక్కడ మృత్యువు, ఇక్కడ కాలం. వేరు వేరు.

టొరంటో చలి:
మా నాయనమ్మ పోయినప్పుడు ఊరి నుంచి ఫోన్ చేసి "కాలం చేసింది" అన్నారండీ. కాలుడు అంటే యముడు. తెలుగువాడికి కాలం, చావు పక్క పక్క ఇళ్ళే. రైడర్‌ని తిట్టకండి.

మహాలక్ష్మి వీధి:
పక్క ఇళ్ళు అయితే గోడ ఉంటుంది కదా మధ్యన. ఆ గోడే నేనంటున్నది.

ఛందోబద్ధం:
అసలు ఈ 'అవడం' అనే క్రియని పిండుకున్న కవి ఎవరో మీకెవరికీ గుర్తు రాకపోవడం నాకు వింతగా ఉంది.

ఇంతింతై వటుడింతయై మఱియుఁ దా నింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై ప్రభారాశిపై
నంతై చంద్రుని కంతయై ధ్రువునిపై నంతై మహర్వాటిపై
నంతై సత్యపదోన్నతుండగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

పోతన. అన్నీ 'ఐ'లే. ఇంగ్లీషులో పెట్టండి చూద్దాం, 'యామ్' పెడతారో 'హావ్' పెడతారో. పైగా 'సంవర్ధి', 'ప్రవృద్ధ' రెండూ ఒకే ధాతువు, వృధ్. అక్కడ విశ్వరూపం, ఇక్కడ త్రివిక్రముడు. మహాలక్ష్మి వీధి గారి అస్మి వాదం కన్నా ఇది దగ్గర చుట్టం.

మహాలక్ష్మి వీధి:
ధాతువు ఒకటే, ప్రత్యయం వేరు. ప్రవృద్ధుడు పెరిగి నిలబడ్డవాడు. సంవర్ధి ఇంకా పెరుగుతున్నవాడు. సరిగ్గా ఆ తేడా గురించే కదా పొద్దున్నుంచీ కొట్టుకుంటున్నాం.

పాత అచ్చు:
అన్నీ 'ఐ'లే అన్నారు, మీరే టైపు చేసిన నాలుగో పాదం చదవండి. సత్యలోకం దగ్గర 'ఐ' కాదు, 'అగుచు'. ధ్రువుడు, మహర్లోకం దాకా ఐ, ఐ అంటూ దాటినవాడు సత్యలోకం దగ్గర అగుచు అన్నాడు, తర్వాత మళ్ళీ 'సంవర్ధియై'. మిగతావన్నీ దాటేసిన మెట్లు, అక్కడొక్కచోట ఇంకా దాటుతూ ఉన్నాడు. మనం చూస్తుండగానే.

ఛందోబద్ధం:
అబ్బే. శార్దూలం అది. "ఉన్నతుండయి" అని వేస్తే ఒక లఘువు తక్కువ పడుతుంది, సగణం కుదరదు. అందుకని 'అగుచు'.

రిటైర్డ్ మాస్టారు:
ఒక్క లఘువు దొరక్క పోతన 'అగుచు'తో సర్దుకున్నాడంటావు. ఈ మాట ఒంటిమిట్ట వెళ్ళి అనగలవా నువ్వు?

ఓరుగల్లు పిల్ల:
ఒంటిమిట్ట ఎందుకు సార్, బమ్మెర మా దగ్గరే ఉంది. రమ్మనండి, బస్సు నేనే ఎక్కిస్తా.