వారమ్ పెర్సీ పాడుబడింది ప్లేగు వల్లా, గొర్రెల వల్లా?

మైలురాయి:
ఇంగ్లాండ్, యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీ ఊరు 1349 ప్లేగుకే ఖాళీ అయిందని చాలాచోట్ల రాస్తున్నారు. నిజమేనా? చర్చి గోడలు తప్ప ఏమీ లేనిచోట నేల చూసి ఏం తెలుసుకోవచ్చండీ?

నాగేటిచాలు:
ప్లేగు దెబ్బ గట్టిదే, కానీ ఊరు ఆ తర్వాత ఇంచుమించు 150 ఏళ్లు బతికింది. జనం తగ్గేసరికి కూలి పెరిగింది. పాత కూలికే పని చెయ్యాలని 1351లో చట్టం తెచ్చినా పూర్తిగా ఆగలేదు. దున్నకానికి మనుషులు కావాలి. గొర్రెల మందకు కాపరి, కుక్క చాలు. ఇక భూస్వామి లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. 1500 ప్రాంతంలో ఇక్కడి భూస్వాములు, హిల్టన్ వంశంవాళ్లు, మిగిలిన కుటుంబాలను వెళ్లగొట్టి పొలాలన్నీ పచ్చికకు వదిలేశారు. 1517 ప్రభుత్వ విచారణలో ఇక్కడ నాలుగు ఇళ్లు, నాలుగు నాగళ్లు పోయినట్టు నమోదైంది. ప్లేగు కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, అందుకే పోవడం లేదు.

పాటిదిబ్బ:
మిట్టమధ్యాహ్నం వెళ్తే పచ్చిక బయలే కనిపిస్తుంది. చలికాలం, గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు, పొద్దు వాలాక చూడండి. ఏటవాలు ఎండకు గోడల పునాదులు నీడలు వేస్తాయి: ముందు ఇల్లు, వెనక పొడవాటి పెరడు, అలా వరుసగా.

గోడలు సుద్దరాయివి. 1950 నుంచి 1990 దాకా తవ్వకాలు నడిపిన బెరెస్‌ఫర్డ్, హర్స్ట్ మొదట్లో ఇవి నాసిరకం ఇళ్లనీ, తరానికోసారి కట్టుకునేవారనీ అనుకున్నారు. కప్పు బరువు మోసింది గోడలు కాదు, జతలుగా నిలిపిన వంపు దుంగలని తర్వాతి పరిశీలనలో తేలింది. అంటే గోడ మారినా ఇల్లు అదే.

ఊరి బయట పాత దున్నకం గట్లు కూడా వెతకండి. మనం వాడే 4840 చదరపు గజాల ఎకరం ఈ గట్ల మధ్య చెలకల నుంచి వచ్చిందే: పొడవు 220, వెడల్పు 22 గజాలు. ఎనిమిది ఎద్దుల జట్టును మాటిమాటికీ తిప్పడం కష్టం కాబట్టి చెలక సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చివరికి చేరకముందే మలుపు మొదలెడతారు, అందుకే సాలు తిరగేసిన ఎస్ అక్షరంలా వంగుతుంది.

మైలురాయి:
మరి ఊరే లేకపోతే చర్చి 1949 దాకా ఎలా నడిచింది?

నాగేటిచాలు:
పారిష్‌లో, అంటే ఈ ఒక్క చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో, వేరే ఊళ్లున్నాయి కదండీ. తిక్సెండేల్ వాళ్లు కొండలు దాటి ఇక్కడికే వచ్చేవారు; 1870 ప్రాంతంలో సొంత చర్చి కట్టుకున్నాక రాక తగ్గింది. గోడల్లో పూడ్చేసిన ఆర్చీలు గమనించండి. జనం పెరిగినప్పుడు పక్క వసారాలు కట్టారు, తగ్గాక పీకేసి సందులు మూసేశారు. 1959లో గోపురం ఒక పక్క కూలింది.

వంశవృక్షం వెతికేవాళ్లు చాలామంది పొరబడేది ఇక్కడే: 1538 తర్వాతి పారిష్ రిజిస్టర్లలో వారమ్ పెర్సీ పేరు కింద పెళ్లిళ్లు, చావులు కనిపిస్తే అది పారిష్ పేరు. ఆ మనుషుల ఇళ్లు చాలావరకు పక్క ఊళ్లలో వెతకాలి.