ఇంట్లో చేసిన ఉడోన్ జిగటగా, సూప్ చేదుగా వస్తున్నాయి: లోపం ఎక్కడుంది?

ప్రశ్న

జపాను వారి ఉడోన్ (లావుపాటి గోధుమ నూడుల్స్) సూప్‌ను, నూడుల్స్‌తో సహా అన్నీ ఇంట్లోనే తయారుచేయాలన్న కోరికతో ఈ నెలలో మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ ఒకే రకంగా విఫలమైంది కాబట్టి, తప్పు నా పద్ధతిలోనే ఉందని అర్థమై మిమ్మల్ని అడుగుతున్నాను.

నేను చేసినది ఇది. 300 గ్రాముల మైదాలో ఒక చిన్న చెంచాడు ఉప్పు వేసి, చేతికి మెత్తగా తగిలేదాకా నీళ్లు పోస్తూ కలిపి, పది నిమిషాలు పిసికాను. వెంటనే అప్పడాల కర్రతో ఒత్తి, కోసి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, వడకట్టి, నేరుగా వేడి సూప్‌లో వేశాను. పోగులు పైన జిగటగానూ, లోపల పచ్చిపిండి రుచితోనూ ఉన్నాయి. సూప్ కూడా గంజిలా చిక్కబడింది.

సూప్ కోసం కోంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్కను, కత్సువోబుషి (పొగబెట్టి ఎండబెట్టిన చేప) పొరలను ఒకేసారి నీళ్లలో వేసి ఇరవై నిమిషాలు బాగా మరిగించాను. సారమంతా దిగాలని వడకట్టేటప్పుడు పొరలను గరిటెతో గట్టిగా నొక్కి పిండాను. చేదు, చేప వాసన రెండూ వచ్చాయి. వాటిని కప్పిపుచ్చడానికి మామూలు సోయా సాస్ ఎక్కువగా పోస్తే రంగు నల్లబడి, ఉప్పదనం తప్ప మరే రుచీ మిగలలేదు. పైగా మా ఇంట్లో ఒకరు చేప తినరు. వారికి కూడా పెట్టగలిగే సూప్ ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

మొదటి సమాధానం

నూడుల్స్ సంగతి వరకు నేను చెబుతాను. మీ పద్ధతిలో నీళ్లు ఎక్కువయ్యాయి, ముద్దకు నానే సమయం దొరకలేదు, ఉడికిన పోగులను చల్లటి నీళ్లలో కడగలేదు. మీరు చెప్పిన జిగటకు నేరుగా కారణం ఈ చివరిదే కనుక ముందు దాని గురించి చెబుతాను.

మరిగే నీళ్లలో ఉడికేటప్పుడు పోగుల పైభాగంలోని పిండిపదార్థం కరిగి పల్చటి బంకలా అంటుకుంటుంది. దాన్ని కడగకుండా సూప్‌లో వేస్తే ఆ బంక సూప్‌లోకి దిగి దాన్ని చిక్కబరుస్తుంది. అందువల్ల ఉడికిన వెంటనే పోగులను వడకట్టి, ధారగా పడే చల్లటి నీటి కింద రెండు చేతులతో రుద్దుతూ, జారుడు పూర్తిగా పోయేదాకా కడగాలి. మొదటిసారి చేసేవారికి పోగులు తెగుతాయేమోనన్న భయం ఉంటుంది కానీ, సరిగా కలిపిన ముద్ద అయితే తెగవు. చల్లబడటం వల్ల పోగులు బిగుసుకుంటాయి కూడా. జపానులో ఆ బిగువును ‘కోషి’ అంటారు. కోషి అంటే గట్టిదనం కాదు. పంటికి మెత్తగా తగిలి, కొరికేటప్పుడు లోపలి నుంచి కొద్దిగా ఎదురు నెట్టే గుణం అది. కడిగిన పోగులను వడ్డించే ముందు వేడినీళ్లలో అర నిమిషం ముంచి తీసి గిన్నెలో వేస్తే సూప్ చల్లారదు.

ఇక ముద్ద. 300 గ్రాముల మైదాకు 135 గ్రాముల నీళ్లు, 15 గ్రాముల ఉప్పు తీసుకోండి. కొలతలన్నీ తూకంలోనే ఉండాలి. గ్లాసు కొలత ఇక్కడ పనికిరాదు. ఉప్పును ముందుగా నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆ నీటిని మూడు విడతలుగా పోస్తూ వేళ్ల కొసలతో కలిపితే పిండి రవ్వరవ్వగా అవుతుంది. అది ముద్ద కాదేమోనని అనిపించే ఆ దశలోనే చాలామంది మరికొన్ని నీళ్లు పోస్తారు, అక్కడే పని చెడిపోతుంది. నీళ్లు పోయకుండా దగ్గరకు నొక్కి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి అరగంట వదిలేయండి. తేమ తనంతట తానే పిండిలోకి సమంగా పాకుతుంది.

ఇంత తక్కువ నీటితో కలిపిన ముద్ద చేతులకు లొంగదు కనుకనే జపానులో దాన్ని కాళ్లతో తొక్కే ఆచారం ఏర్పడింది. సంచి మీద శుభ్రమైన తువ్వాలు పరిచి మడమలతో మెల్లగా తొక్కి, పరుచుకున్న ముద్దను మూడు మడతలు పెట్టి మళ్లీ తొక్కాలి. ఇలా నాలుగుసార్లు చేస్తే ముద్ద నున్నగా మారుతుంది. తరువాత రెండు గంటలు కదిలించకుండా ఉంచండి. ఆ తరువాత కార్న్‌ఫ్లోర్ చల్లుకుంటూ మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, మడిచి, అంతే వెడల్పున కోయండి. కోసిన పోగులకు అంటిన పొడిని దులిపేశాకే నీళ్లలో వేయాలి.

పదిహేను గ్రాముల ఉప్పు ఎక్కువని అనిపించవచ్చు. ఉప్పు గోధుమలోని గ్లూటెన్‌ను (ముద్దకు సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్‌ను) బిగించడమే కాకుండా, వేడి కాలంలో ముద్ద జావగా సడలిపోకుండా ఆపుతుంది. ఉడోన్ చేసేవారిలో ‘దో సాన్, కాన్ రోకు’ అనే పాత నానుడి ఒకటి ఉంది. నడివేసవిలో ఒక కప్పు ఉప్పుకు మూడు కప్పుల నీళ్లు, చలికాలంలో ఆరు కప్పులు, మిగతా రోజుల్లో ఐదు కప్పులు అని దాని భావం. ఇంటి వంటకు అంత ఉప్పు అవసరం లేదు గానీ, వేసవిలో ఉప్పు పెంచాలన్న సూత్రం మాత్రం నేటికీ నిలుస్తుంది. ముద్దలోని ఉప్పులో ఎక్కువ భాగం ఉడికే నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే ఆ నీళ్లలో విడిగా ఉప్పు వేయకూడదు, ఆ నీళ్లను సూప్‌లో వాడకూడదు.

ఈ కొలతకు నాలుగైదు లీటర్ల నీళ్లు పెట్టండి. ఐదు నిమిషాలు ఏమాత్రం చాలవు. మూడు మిల్లీమీటర్ల పోగుకు పది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. మీకు లోపల పచ్చిపిండి రుచి తగలడానికి కారణం ఇదే.

రెండవ సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, సూప్ గురించి రాస్తున్నాను. ఈ సూప్‌కు ప్రాణం దాషి అనే పల్చటి సారం. దాన్ని మరిగించి పిండుకునేది అనుకోవడం వల్లనే మీకు చేదు వచ్చింది. కోంబుకూ కత్సువోబుషికీ కావలసిన వేడి వేరు, కావలసిన సమయం వేరు కనుక ఆ రెండింటినీ ఒకేసారి వేయడం కుదరదు.

లీటరు చల్లటి నీళ్లలో పది గ్రాముల కోంబును అరగంట నానబెట్టండి. దాని మీద కనిపించే తెల్లటి పొడి రుచినిచ్చేదే, కడిగివేయకండి. తరువాత సన్నని సెగ మీద పది నిమిషాల పాటు మెల్లగా వేడెక్కనిచ్చి, గిన్నె అంచుల్లో చిన్న బుడగలు మొదలవగానే కోంబును తీసివేయాలి. అది మరిగితే బంక, సముద్రపు నాచు వాసన దిగుతాయి. అప్పుడు నీళ్లను ఒక పొంగు రానిచ్చి, పొయ్యి ఆపి, ఇరవై అయిదు గ్రాముల కత్సువోబుషి వేయండి. రెండు నిమిషాలలో పొరలు అడుగుకు దిగుతాయి. గుడ్డలో వడకట్టి, నీరు తనంతట తాను కారిపోయేదాకా ఆగండి. పిండవద్దు. పిండితే వచ్చే నాలుగు చెంచాల కోసం మిగతా దాషి అంతా పాడవుతుంది.

ఈ రెండు దినుసులు కలిసినప్పుడు రుచి ఎందుకు అంతగా పెరుగుతుందో తెలిస్తే, కొలతల మీద మీకు గౌరవం కలుగుతుంది. కోంబులోని రుచికి మూలం గ్లూటమేట్ అనే పదార్థమని జపాను రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునాయె 1908లో కనుగొని, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. కత్సువోబుషిలోని ఇనోసినేట్‌ను 1913లో కొదామా షింతారో గుర్తించారు. ఈ రెండూ కలిస్తే వచ్చే రుచి, విడివిడిగా ఉన్నప్పటి రుచులను కూడితే వచ్చేదానికంటే ఎన్నో రెట్లు బలంగా ఉంటుంది. అందుకే సరైన దాషికి సోయా సాస్ కొద్దిగానే చాలు.

సోయా సాస్ విషయంలో జపానులోనే రెండు దారులున్నాయి. తోక్యో వైపు నల్లటి కోయికుచి వాడతారు, ఒసాకా, క్యోతో వైపు లేతరంగు ఉసుకుచి వాడతారు. నిస్సిన్ సంస్థ తన ‘డోంబెయ్’ కప్పు ఉడోన్‌ను తూర్పు జపానుకు ఒక రుచితో, పడమటి జపానుకు మరొక రుచితో అమ్మేంతగా ఈ తేడా స్థిరపడింది. మీకు ఉసుకుచి దొరికితే అదే వాడమని నా సలహా, ఎందుకంటే దాషి రుచి అందులో స్పష్టంగా బయటపడుతుంది. అయితే రంగు లేతగా ఉంది కదా అని ఎక్కువ పోయకండి. ఉసుకుచిలో కోయికుచి కంటే ఉప్పు ఎక్కువ. వడకట్టిన దాషికి మూడు పెద్ద చెంచాల ఉసుకుచి, మూడు పెద్ద చెంచాల మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం), అర చిన్న చెంచాడు ఉప్పు సరిపోతాయి. మిరిన్‌ను ముందుగా ఒక నిమిషం విడిగా మరిగిస్తే అందులోని మద్యపు ఘాటు పోతుంది. ఇది ముగ్గురికి సరిపడే సూప్.

మూడవ సమాధానం

పై ఇద్దరూ చెప్పినది సరైనదే అయినా, ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. నూడుల్స్, సూప్ రెండింటినీ ఒకే రోజున నేర్చుకోవాలనుకుంటే ఏది ఎందుకు చెడిందో తేల్చుకోవడం కష్టం. మొదటి రెండు మూడుసార్లు ఫ్రోజెన్ ఉడోన్ వాడి, శ్రద్ధంతా దాషి మీద పెట్టండి. అది చిన్నతనమేమీ కాదు. చాలా రకాల ఫ్రోజెన్ ఉడోన్‌లో టాపియోకా పిండి కలుపుతారు కనుక వాటిలో సాగే గుణం బాగా నిలుస్తుంది. కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేసి, పోగులు విడివడగానే తీసేయవచ్చు. దాషి చేతికి వచ్చాక పిండి ముద్ద మొదలుపెట్టండి.

మరొక మాట. కోషి లేని ఉడోన్ అంతా చెడిపోయిన ఉడోన్ అనుకోకండి. బిగువైన పోగులకు కగావా ప్రాంతపు సానుకి ఉడోన్ పేరు పొందింది. కానీ మియే ప్రాంతంలోని ఇసె ఉడోన్‌ను గంటసేపు ఉడికించి, బొద్దుగా, మెత్తగా చేసి, నల్లటి చిక్కటి సాస్ కొద్దిగా పోసి తింటారు. హకాతాలోనూ మెత్తటి ఉడోన్‌నే ఇష్టపడతారు. కావాలని మెత్తగా చేయడం వేరు, జిగటగా మిగిలిపోవడం వేరు. మీది రెండోది కనుక సరిదిద్దుకోవలసిందే.

చేప తినని వారి కోసం కోంబుతో ఎండు షిటాకే పుట్టగొడుగులు వాడండి. బౌద్ధాలయాల శాకాహార వంటలో వాడే దాషి ఇదే. లీటరు నీళ్లలో పది గ్రాముల కోంబు, నాలుగు ఎండు షిటాకేలు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో నాననివ్వండి. షిటాకేను వేడినీళ్లలో తొందరగా నానబెడితే రుచి పూర్తిగా దిగదు. షిటాకేలోని గ్వానిలేట్ కూడా కోంబు రుచిని ఇనోసినేట్ పెంచినట్టే పెంచుతుంది. అందువల్ల ఇది చేప లేని లోటును తీర్చే సర్దుబాటు కాదు, స్వతంత్రంగా నిలబడే సూప్. దీని మీద ఒసాకా పద్ధతిలో అబురాగె, అంటే నూనెలో వేయించిన పల్చటి తోఫు, పెట్టండి. ముందుగా దాని మీద మరుగునీళ్లు పోసి నూనె తీసివేసి, అదే దాషిలో కొద్దిగా చక్కెర, సోయా సాస్ కలిపి పావుగంట ఉడికిస్తే తీపి రసాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. అది పెట్టిన ఉడోన్‌నే కిత్సునె ఉడోన్ అంటారు.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడవ సమాధానంలోని సలహా ప్రకారం ముందు రెండుసార్లు ఫ్రోజెన్ ఉడోన్‌తో దాషి నేర్చుకుని, నిన్న ముద్ద కలిపాను. దాషి లేత బంగారు రంగులో, చేదు లేకుండా వచ్చింది. షిటాకే సూప్‌ను చేప తినేవారు కూడా అడిగి మరీ వేయించుకున్నారు. నూడుల్స్‌లో జిగట పోయింది, కోషి అంటే ఏమిటో మొదటిసారి పంటికి తెలిసింది. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. ఒత్తేటప్పుడు ముద్ద రబ్బరులా వెనక్కి ముడుచుకుపోయి, పోగులు కొన్ని సన్నగా, కొన్ని లావుగా వచ్చాయి. సమయం చాలక గంటన్నరే నాననిచ్చాను. నీళ్లు కొంచెం పెంచమంటారా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

నీళ్లు పెంచకండి. ముద్ద వెనక్కి ముడుచుకోవడం గ్లూటెన్ ఇంకా బిగుసుకునే ఉందని చెబుతోంది, దానికి మందు సమయమే. రెండు గంటలూ ఉంచండి, చలి రోజైతే మూడు గంటలు. అప్పటికీ మొండికేస్తే ఒత్తడం ఆపి, తడిగుడ్డ కప్పి, పది నిమిషాలు వదిలి మళ్లీ మొదలుపెట్టండి. మీరు వాడిన మైదా ప్యాకెట్ మీద ప్రోటీన్ శాతం కూడా ఒకసారి చూడండి. ఉడోన్‌కు జపానులో వాడే మధ్యరకం పిండిలో అది సుమారు 8 నుంచి 10 శాతం ఉంటుంది. మీది 12 దాటిన రొట్టె పిండి అయితే, కేకులకు వాడే తక్కువ ప్రోటీన్ పిండిని అందులో సగానికి సగం కలపండి. పోగులు లావుగా వచ్చినవాటిని విడిగా తీసి రెండు నిమిషాలు ముందుగా నీళ్లలో వేస్తే అన్నీ ఒకేసారి ఉడుకుతాయి.